సుందరమ్మ రాయి పైసలు

సుందరమ్మ తన సమాధి రాయి కోసం తొమ్మిది వేలు దాచుకుంది. చీరల మడతల్లో కాదు, బియ్యం డబ్బాలో కాదు. ఆ చోట్లు ఇంటివాళ్ళ కన్నా ముందే దొంగలకు తెలుసు. మొగుడు ఇశ్రాయేలు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసిన రోజుల ఖాకీ చొక్కా ఒకటి పెట్టె అడుగున ఉంది. దాని జేబులో పైసలు పెట్టి, గుండీ పెట్టి, గుండీ మీద పిన్నీసు కూడా గుచ్చింది. సమాధుల తోటలో ఇశ్రాయేలు పక్కనే ఆమెకు జాగా ఉంది. జాగా ఒక్కటుంటే ఏం లాభం? పేరు లేని మట్టిదిబ్బ మీద మేకలెక్కుతాయి. తన పేరు రాయి మీద ఉండాలి, ఆ రాయికి కొడుకు చేతులవైపు చూడకూడదు. అది ఆమె పంతం.

అలాంటి పైసలను బయటికి తీసి బ్లాగుకు పెట్టింది సుందరమ్మ. పిచ్చిదా అంటే పిచ్చిది కాదు. బహదూర్‌పురాలో వాళ్ళ గల్లీలో ఆమె నోటికి భయపడనివాళ్ళు ఇద్దరే. ఒకడు చెవిటివాడు, రెండోది ఆమె కోడలు మున్నీ.

ఆమె చదివింది నాలుగో తరగతి. పదిహేడేళ్ళకు కాపురానికొచ్చి, ఇరవైకి ఒక సర్కారు ఆఫీసు క్యాంటీన్‌లో గిన్నెలు తోమడానికి చేరింది. ఎనిమిదేళ్ళు తోమింది. ఒకరోజు వంటవాడు రాలేదు, పెద్దాఫీసరు మాత్రం టిఫిన్ కావాలన్నాడు. క్యాంటీన్‌లో నిన్న రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం తప్ప ఇంకేం లేదు. సుందరమ్మ ఆ అన్నాన్ని వార్చి, ఆరబెట్టి, చింతపండు గుజ్జు, పల్లీలు, ఎండుమిరపకాయలు వేసి పులిహోర కలిపింది. ఆఫీసరు రెండుసార్లు పెట్టించుకున్నాడు. మరుసటి రోజు నుంచి ఆమె వంటమనిషి. తను తిన్నది నిన్నటి అన్నమని ఆ మహానుభావుడికి పెన్షన్ తీసుకునే దాకా తెలియదు.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు అక్కడే వండింది. వండింది ఎంతో మిగిలింది కూడా అంతే. పెద్ద పెద్ద జీతాలవాళ్ళు సగం తిని సగం వదిలేసేవాళ్ళు. పారబోయాలంటే ఆమె చేయి వచ్చేది కాదు. మిగిలిన ఇడ్లీ పొడి చేసి ఉప్మా, మిగిలిన పప్పులో పిండి కలిపి రొట్టెలు, మిగిలిన అన్నం రుబ్బి వడియాలు. చెడింది ఏదో చెడనిది ఏదో ఆమె ముక్కుకు తెలుసు, ఆ ముక్కు ముందు ఫ్రిజ్జులు దండగ. అలా ఏ మిగులు ఏమవుతుందో అరవై రకాలు ఆమె తలలో జమ అయ్యాయి.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే ఆ తల ఊరుకోలేదు. కోడలు మున్నీ ఇంటర్నెట్ సెంటర్‌లో టైపింగ్ పని చేస్తుంది. ఆమే బ్లాగు పెట్టింది. పేరు సుందరమ్మే చెప్పింది: నిన్నటి అన్నం. అత్త ఫోన్‌లో మాట్లాడుతుంది, ఫోన్ దాన్ని అక్షరాలు చేస్తుంది, కోడలు తప్పులు దిద్దుతుంది.

"అత్తమ్మా, వీడియోలు తీద్దాం. ఇప్పుడంతా వీడియోలే చూస్తున్రు" అన్నది మున్నీ మొదట్లోనే.

"నా మూతి చూస్తే ఎవరికన్న అన్నం దిగుతదా? వీడియో ఉరుకుతనే ఉంటది. నువ్వు ఉల్లిగడ్డ కోసేలోపల వాళ్ళు కూర దించుతరు. రాసింది అయితే గమ్మున కూసుంటది. నువ్వు కోసినంక చదువుకో, కడిగినంక చదువుకో."

మాట బాగానే ఉంది. చదివేవాళ్ళే లేరు. రెండేళ్ళలో అరవై వంటలు పెట్టారు. చూసినవాళ్ళు మున్నీ స్నేహితులు పదకొండు మంది, పాస్టరమ్మ ఒకతి. పాస్టరమ్మ కూడా వంటల కోసం కాదు, బ్లాగు మీద పెట్టిన సిలువ బొమ్మ బాగుందని చూసింది.

ఇరవై ఏడేళ్ళ చేతిపని తనతోపాటే మట్టిలోకి పోతుందేమోనని సుందరమ్మకు మొదటిసారి గుబులు పుట్టింది అప్పుడే. రాయి మీద పేరుంటుంది సరే, చేయి ఎక్కడుంటుంది? అదీ ఆమె ఆలోచన. ఆ వారమే ఖాకీ చొక్కా జేబు పిన్నీసు విప్పింది.

కొడుకు సామ్యూల్ బస్సు డిపోలో మెకానిక్. మంచివాడే, కానీ వాడి మంచితనం ఎప్పుడూ అడ్డం పడే మంచితనం. వాడు పైసలు చూసి అదిరిపడ్డాడు.

"అమ్మా, గవి నీ రాయి పైసలు గదనే! ఫోన్‌ల గీ వంటలకు పెడ్తవా? రేపు నాయిన పక్కన రాయి లేకుంట పండుకుంటవా?"

"పండుకున్నంక నాకేం తెలుస్తదిరా?"

"తోటల నలుగురు నన్నడుగుతరు. కొడుకు ఉండి కూడ రాయి పెట్టలేదంటరు."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. నవంబరులో, పోయినవాళ్ళ రాళ్ళు కడిగి కొవ్వొత్తులు పెట్టే సమాధుల పండుగ వస్తుంది. ఆ రోజు తెల్లవారే లోపల, తమకు బొత్తిగా తెలియని మనుషులు యాభై మందైనా బ్లాగులో చదివామని రాయాలి. రాయకపోతే సుందరమ్మ బ్లాగు మూసేయాలి, మిగిలిన పైసలు సామ్యూల్ చేతిలో పెట్టాలి, ఆ పైన రాయి గురించి మాట వాడిదే. సుందరమ్మకు అన్నిటికన్నా గుచ్చుకున్నది ఆ ఆఖరి ముక్క. అయినా సరేనంది. పండుగకు నాలుగు నెలలు ఉన్నాయి.

మొదట ఆమె కూడా అందరిలాగే మోసపోయింది. శ్రవణ్‌కుమార్ అని ఒక పిల్లగాడు, మెడలో తాడుకు కార్డు వేలాడదీసుకుని, బ్లాగులు పెంచుతానంటూ తిరుగుతుంటాడు. మూడు వేలిస్తే రెండు వేల మంది అభిమానులను తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. వారం తిరగకముందే రెండు వేల పేర్లు వచ్చి పడ్డాయి. సుందరమ్మ సంబరంగా మున్నీని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పేరూ చదివించుకుంది. ఒక్కడు కూడా తెలుగువాడు కాదు. కొందరు మనుషులే కాదు.

శ్రవణ్‌కుమార్‌ను ఇంటికి పిలిపించి, నిన్నటి ఇడ్లీ ఉప్మా పెట్టి, వాడు తింటుండగా అడిగింది.

"బాబూ, నీ రెండు వేల మందిల ఒక్కడన్న ఈ ఉప్మా తింటడా?"

"ఆంటీ, అది రీచ్ అంటరు. నంబర్ పెరిగితే తర్వాత నిజమైనోళ్ళు..."

"సంత నిండ బొమ్మలు నిలబెట్టి, బేరం మస్తుందంటవేంది బిడ్డా! తిను, తిని లెవ్. ఉప్మాకు పైసల్ తీసుకోను, ఫికర్ చెయ్యకు."

వాడు పోయాడు. మూడు వేలు వాడితోపాటే పోయాయి. ఆ సాయంత్రం సామ్యూల్ మిగిలిన పైసలు రెండుసార్లు లెక్కపెట్టి మళ్ళీ జేబులో పెట్టాడు. ఆ లెక్కే పెద్ద దెబ్బ.

దారి మాత్రం, గల్లీ అంతా ఖాలా అని పిలిచే పక్క వాకిలి ముస్లిం పెద్దమ్మ తిప్పి పంపిన గిన్నెలో దొరికింది. ఆ ఖాలా, సుందరమ్మ ముప్పై ఏళ్ళుగా ఒకరికొకరు ఏదో ఒకటి పంపుకుంటారు. ఆ గల్లీలో ఒక పద్ధతి ఉంది. గిన్నె వచ్చిందంటే ఖాళీగా తిరిగి పోకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరైనా పోసి పంపుతారు. ఆ రోజు సుందరమ్మ పంపిన వడియాల గిన్నెలో ఖాలా, నిన్నటి రోటీలు తుంచి ఖట్టీదాల్ అనే పుల్లటి పప్పులో ఉడికించి, పైన వేయించిన ఉల్లిగడ్డ చల్లి పంపింది. సుందరమ్మ ఒక ముద్ద తిని అలాగే కూర్చుండిపోయింది. తన అరవై రకాల్లో ఇది లేదు.

"మున్నీ, మనం మనుషుల్ని కొంటున్నం. కొనాల్సింది గిన్నెలను. గిన్నె పోతది, వట్టిగ రాదు. వాళ్ళింట్ల మిగిలింది మనకొస్తది, మన సంగతి వాళ్ళకు పోతది."

మరుసటి రోజే అత్తాకోడళ్ళు ఆటో ఎక్కి బేగంబజార్ పోయారు. మూతలున్న చిన్న స్టీలు డబ్బాలు నలభై బేరం చేశారు. సుందరమ్మ బేరమంటే దుకాణదారు మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టేంత. తర్వాత గిన్నెల మీద పేర్లు కొట్టే సోమయ్య దగ్గర కూర్చోబెట్టారు డబ్బాలను. సోమయ్య ముప్పై ఏళ్ళుగా ఒక దుకాణం మెట్టు మీదే, చేతిలో కరెంటు పెన్నుతో కూర్చున్నాడు. మున్నీ చీటీ రాసిచ్చింది: సుందరమ్మ, నిన్నటి అన్నం, కింద బ్లాగు అడ్రసు.

"నలభైకి ఒక్కటే పేరా అమ్మా?" అడిగాడు సోమయ్య.

"ఒక్కటే."

"క్రిస్టియన్లా?"

"అవును, అయితేంది?"

"ఏం లేదమ్మా, అడిగిన" అని తల దించుకున్నాడు. గొంతు కూడా దించాడు. అప్పుడైనా సుందరమ్మకు అనుమానం రావాల్సింది. కానీ ఆమె మనసు ధనియాల ధర మీద ఉంది. ఇద్దరూ మసాలాలు కొని వచ్చేసరికి సోమయ్య నలభై డబ్బాలూ పేపర్లో చుట్టి సుతిలి తాడుతో కట్టి ఉంచాడు. చెప్పినదాంట్లో యాభై రూపాయలు తక్కువే తీసుకున్నాడు. "ఇసొంటి పనికి ఎక్కువ తీసుకోనమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చి మొదటి డబ్బా విప్పిన మున్నీ దాన్ని అత్త చేతిలో పెట్టింది. సుందరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని తనే చదువుకుంది. మూత మీద చుక్కలు చుక్కలుగా ఒక చిన్న సిలువ. దాని కింద, "సుందరమ్మ జ్ఞాపకార్థం". దాని కింద బ్లాగు పేరు, అడ్రసు.

సోమయ్యది తప్పంటే తప్పే, కాదంటే కాదు. ముప్పై ఏళ్ళ అనుభవంలో ఒకే ఆడమనిషి పేరుతో నలభై డబ్బాలు కొట్టించుకున్నవాళ్ళంతా చచ్చినవాళ్ళ పేరు మీదే కొట్టించారు. పోయి ఏడాది తిరిగాక పెట్టే ప్రార్థన కూడికకు వచ్చినవాళ్ళకు డబ్బాలు పంచుతారు. చీటీలో ఆ మాట రాయడం మర్చిపోయారు పాపం, దుఃఖంలో ఉన్నారు అనుకుని, పుణ్యానికి తనే కలిపాడు.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన సామ్యూల్ డబ్బా అటు తిప్పి, ఇటు తిప్పి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"రాయి పైసలు రాయి పైసలే అయినయ్ గదమ్మా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియని ముఖం. "వాపస్ ఇచ్చొద్దాం. మంచిది కాదిది."

మున్నీ సోమయ్యకు ఫోన్ చేసింది. అవతల ఆయన లెంపలు వాయించుకున్న చప్పుడు ఇవతలికి వినిపించింది. రుద్ది తీయొచ్చు గానీ మచ్చ పడుతుంది, డబ్బా ముఖం పోతుంది అన్నాడు. సుందరమ్మ ఒక డబ్బాను కొంగుతో తుడుస్తూ ఉంది. లోపల భయం లేదని కాదు. కానీ చేతిలో ఉన్నది ఇదే, పండుగకు మిగిలింది పది వారాలే.

"మచ్చ పెట్టుకునుడెందుకు? అక్షరాలు ముద్దుగనే ఉన్నయ్. నేను బతికున్ననో లేదో ఇచ్చేటప్పుడు చూస్తరు గద."

"మంది నవ్వుతరమ్మా!"

"నవ్వుకుంట మూత తీస్తరు. నాకు కావల్సింది గదే."

డబ్బాలన్నీ తనే పంచింది. గల్లీలో పది, చర్చిలో పదిహేను, పాత క్యాంటీన్ దోస్తులకు మిగిలినవి. ప్రతిదాంట్లో ఏదో ఒక మిగులు వంట. ప్రతి ఇంటి ముందు ఒకే మాట: "తిను. మీ ఇంట్ల నిన్న మిగిలింది ఏదన్న చేసి దీంట్ల వేసి పంపు, ఎట్ల చేసినవో చెప్పు. లేకపోతే ఇంకో ఇంటికి పంపు, వాళ్ళకు గూడ గిదే చెప్పు."

"ఇదేందక్కా, నీ పేరు మీద నువ్వే పంచుతున్నవ్?" అన్నవాళ్ళున్నారు.

"నేను పోయినంక మీరు పంచరని తెలుసు. అందుకే" అంది.

నెల రోజులు ఏమీ కాలేదు. గల్లీ డబ్బాలు తిరిగొచ్చాయి, చర్చి డబ్బాలు కొన్ని వచ్చాయి, బ్లాగులో పది కొత్త వంటలు చేరాయి. రాసింది మాత్రం తెలిసినవాళ్ళే. సామ్యూల్ రోజూ అడగడు, రోజూ చూస్తాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం మున్నీ పని నుంచి ఫోన్ చేసింది. "అత్తమ్మా, నువ్వు పోయినందుకు ఒకామె బాధ పడుతుంది." ఎవరో చాలా దూరం నుంచి రాసింది: ఆ తల్లి ఆత్మకు శాంతి కలగాలి, ఆమె చెప్పిన పప్పు రొట్టెలు చేశాం, మా పిల్లలు తిన్నారు. మరుసటి రోజు ఇద్దరు. ఆ వారంలో తొమ్మిది మంది.

సంగతి ఏమిటంటే, బతికున్నవాళ్ళ పేరున్న డబ్బా అయితే జనం అందులో జీలకర్ర పోసుకుని మర్చిపోయేవాళ్ళు. పోయినవాళ్ళ పేరున్న డబ్బాను ఎవరూ మూలన పడేయరు. ఖాళీగా ఉంచడానికి చేయి రాదు. పాత సామాన్లవాడికి వేయడానికి అసలే రాదు. ఎవరో తల్లి, ఏదో చెప్పింది, చెప్పినట్టు చేద్దామని వండి ఇంకో ఇంటికి పంపారు. ఎవరీమె అని అడ్రసు కొట్టి చూశారు. డబ్బాలు మూసీ దాటాయి.

సుందరమ్మ ఒక్కొక్కరికీ జవాబు చెప్పించింది. "బతికే ఉన్న బిడ్డా. రొట్టెలు గట్టిగ వచ్చినయంటున్నవ్, పిండి ఎక్కువేసినవ్." అది చదివి జడుసుకున్నవాళ్ళు జడుసుకున్నారు, నవ్వినవాళ్ళు ఇంకో పదిమందికి చూపించారు. చివరికి ఆమె బ్లాగు తలమీద ఒక ముక్క పెట్టించింది: "సుందరమ్మ పోలేదు. పేరు కొట్టినాయన తొందరపడ్డాడు. మీరు తొందరపడకుండా పోపు మాడ్చకుండా వండుకోండి." అరవై వంటల కన్నా ఆ మూడు ముక్కలనే ఎక్కువమంది చదివారు.

అయినా పండుగకు ముందురోజు పొద్దుటికి లెక్క నలభై తొమ్మిది దగ్గర ఆగింది. సామ్యూల్ కొడుకే గానీ నిక్కచ్చి మనిషి. "నలభై తొమ్మిదంటే నలభై తొమ్మిదే" అన్నాడు. సుందరమ్మ నోరు ఆ పూట మూత పడింది. గల్లీ అంతా ఆరోగ్యం బాగాలేదేమో అనుకుంది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఎదురుగా ముప్పై ఏళ్ళ ఆడమనిషి, గోళ్ళల్లో రంగు, చేతిలో బంతిపూల దండ, చంకన స్టీలు డబ్బా.

"అమ్మా, సుందరమ్మగారి ఇల్లిదేనా? రేపు మీ సమాధుల పండుగంట గద. ఫొటోకు దండేద్దామని, ఫోన్‌ల మీ గల్లీ పేరు చూసి అడుగుకుంట వచ్చిన. నా పేరు రశ్మి, ధూల్‌పేట్."

సుందరమ్మ ఆమెను నిలువునా చూసింది. "కూసో. ఎట్ల తెలుసు నీకు ఆమె?"

"నాకేం తెల్వదమ్మా. డబ్బా మా ఇంటికి మూడో చెయ్యిగ వచ్చింది. మాది వినాయకుని, దుర్గమ్మ బొమ్మలు చేసే ఇల్లు. సీజన్ల ఇరవై మంది పనోళ్ళకు వండుతం, రోజూ గంపెడు అన్నం మిగులుతుండె. మా అత్త నన్ను తిడుతుండె. ఆ తల్లి రాసిన వడియాలు పెట్టిన. ఇప్పుడు అత్తనే ఎండల కూసోని కాకుల్ని కొడుతుంది. ఒక్కసారన్న ఆమె ఫొటోకు మొక్కాలె అనిపించింది." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎట్ల పోయిందమ్మా?"

"ఎక్కడికి పోలేదు. నీకు తలుపు తీసింది."

రశ్మి దండ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఇద్దరూ నవ్వారు. పక్క వాకిలి ఖాలా వచ్చి ఏమైందని అడిగేంత నవ్వారు.

"అయితే ఫోన్‌ల ఆ పైన పెట్టింది చదవలేదా నువ్వు?"

"వడియాల కాడికే చూసిన అమ్మా, పైకి పోలే."

"పోనీ. రాసినవా ఏమన్న?"

"నాకు రాసుడు సిగ్గమ్మా."

"సిగ్గు పక్కన పెట్టు. ఇక్కడనే కూసోని రాయి" అంది సుందరమ్మ. ఆ మాటలో కొంచెం కంగారు ఉంది. అది ఆమెకు అలవాటు లేని సరుకు. రశ్మి రెండు ముక్కలు రాసింది: ఆమె బతికే ఉంది, నేను చూసిన. అదే యాభయ్యోది.

తెల్లవారి సమాధుల తోటకు తల్లి, కొడుకు, కోడలు ముగ్గురూ పోయారు. సున్నం వేసిన రాళ్ళ మధ్య జనం, కొవ్వొత్తులు, పాటలు. ఇశ్రాయేలు రాయి కడిగి, రశ్మి తెచ్చిన బంతిపూల దండ దాని మీద వేసింది సుందరమ్మ. పక్కన తల్లి కోసం ఉన్న ఖాళీ జాగా వైపు సామ్యూల్ చూశాడు.

"అమ్మా, నువ్వు గెలిచినవ్. ఒప్పుకుంటున్న. కానీ నీ రాయి నేనే పెట్టిస్త."

"పెట్టియ్యి, వద్దంటలేను. గని నీ నాయిన రాయి ఏడాదికొక్కసారి కడుగుతున్నం. నా పేరు నలభై ఇండ్లల్ల రోజూ సబ్బు పెట్టి తోముతున్రు. జల్ది ఏం లేదు."

వాడు తల వంచుకుని కొవ్వొత్తి వెలిగించాడు. గాలికి ఆరితే మళ్ళీ వెలిగించాడు.

తిరిగి వస్తుంటే సుందరమ్మకు గుర్తొచ్చింది. రశ్మి నిన్న డబ్బా నిండా వడియాలు వేయించి తెచ్చింది, తను ఖాళీ చేసి తోమి బోర్లించింది. ధూల్‌పేట్ డబ్బా ధూల్‌పేట్ పోవాలి.

"మున్నీ, ఇంట్ల నిన్నటిది ఏమున్నది?"

"ఏం లేదత్తమ్మా. రాత్రి ఊడ్చి తిన్నం గద."

సుందరమ్మ నడక ఆపి కోడలిని చూసింది. జీవితంలో మొదటిసారి తన ఇంట్లో ఏమీ మిగలలేదు.

"అయితే నడువు జల్ది" అంది. "పోయి జరంత ఎక్కువ వండుదాం."